ఎన్ని రోజులుంటరు?

2024లో పంద్రాగస్టు గురువారం వచ్చింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు, నాలుగు రోజులు కలిసొస్తాయి. హైదరాబాద్‌లో సగం ఆఫీసులు ఆ లెక్కే వేసుకున్నాయి. ఓ బ్యాంకులో పనిచేసే అతనూ వేసుకున్నాడు. ‘మా ఊరివైపు జలపాతాలున్నాయి. తెలంగాణలోకెల్లా ఎత్తయిన జలపాతం అక్కడే. పదండి చూపిస్తా’ అని పక్క సీట్లవాళ్లిద్దరినీ ఊరించాడు.

అతనిది ఇచ్చోడ. ఆదిలాబాద్ వెళ్లే హైవే మీద, గుడిహత్నూర్‌కు ముందు వచ్చే ఊరు. పదో తరగతి దాకా అక్కడే చదివాడు. తర్వాత నిజామాబాద్, ఆపైన హైదరాబాద్. తల్లిదండ్రులు పోయాక ఊరికి రాకపోకలు తగ్గిపోయాయి. అక్కడ మిగిలింది ఒక్క కాక... తండ్రి తమ్ముడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు.

మూడు కుటుంబాలు, రెండు కార్లు. ప్రయాణం పక్కాగా వేసుకున్నారు. మొదటిరోజు కుంటాల, పొచ్చెర. రెండోరోజు బాసర. మూడోరోజు పోచంపాడు. నాలుగోరోజు ఇల్లు. రాత్రుళ్లు నిర్మల్‌లో లాడ్జి. ఓ కారు డిక్కీలో నీళ్ల సీసాల డబ్బాలు రెండు, కూల్‌డ్రింకులు, బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు. అన్నట్టు ఆ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా దుకాణంలో అడగ్గానే లోపల్నుంచి తెచ్చిచ్చారు. నీళ్ల సీసాల సంగతి చెప్పక్కర్లేదు, ఆ నిషేధం జాబితాలో అవి లేనే లేవు.

నిర్మల్ దాటుతుంటే అతని కూతురు కొయ్యబొమ్మల దుకాణం దగ్గర ఆపమంది. ఏడో తరగతి పిల్ల. ‘వచ్చేటప్పుడు చూద్దాంలే’ అన్నారు పెద్దవాళ్లు. మన ప్రయాణాల్లో ‘వచ్చేటప్పుడు’ అంటే ఏమిటో అందరికీ తెలిసిందే. పొణికి కర్రను చెక్కి, ఎండబెట్టి, రంగులద్ది ఆ బొమ్మను తయారుచేసినవాళ్లకు దక్కాల్సిన వంద రూపాయలు అలా ఘాట్ రోడ్డు వెనకే ఉండిపోతాయి. ఆ ఘాట్ రోడ్డులో మాత్రం కారు ఆపారు, కోతులకు అరటిపండ్లు వేసి ఫొటో తీసుకోవడానికి. రోడ్డు పక్కన తిండి దొరుకుతుందని ఒక్కసారి అలవాటైన కోతి అడవిలోకి ఎందుకు పోతుంది? లారీల కింద పడేదాకా అక్కడే కూర్చుంటుంది.

నేరడిగొండ దగ్గర హైవే దిగి, అడవి దారిలో పోతే కుంటాల. కడెం వాగు నలభై అయిదు మీటర్ల ఎత్తు నుంచి రాతి మెట్ల మీదుగా దూకుతుంది. శకుంతల పేరు మీదుగానే ఆ ఊరికి కుంటాల అనే పేరు వచ్చిందని ఓ కథ. వాగు పక్కన సోమేశ్వరుడు ఉంటాడు, శివరాత్రికి జనం కిక్కిరిసిపోతారు. కిందికి దిగడానికి నాలుగు వందల దాకా మెట్లు. ఆగస్టు కాబట్టి వాగు నిండుగా ఉంది. మెట్లు సగం దిగేసరికే హోరు. మాట వినపడదు, సైగలే.

నీళ్లలోకి దిగొద్దని బోర్డులున్నాయి. కుంటాలలో ఏళ్లుగా పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది పాతిక ముప్పై ఏళ్లలోపు కుర్రాళ్లే. పైనుంచి పడే ధార కింద రాయిని తొలిచి గుండాలు చేస్తుంది. పైకి మోకాలి లోతులా కనిపించేచోట అడుగు వేస్తే నిలువు మునుగుతుంది. రాళ్ల మీద పాకుడు పడితే అద్దంలా జారుతుంది. మరో సంగతి... ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన బోథ్, బజార్‌హత్నూర్ వైపు వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. ఈత వచ్చా రాదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇవన్నీ ఆ ఊళ్లో పుట్టిన అతనికి తెలుసు. కానీ చుట్టూ హుషారుగా ఉన్న స్నేహితుల మధ్య చెప్పలేకపోయాడు. వాళ్లలో ఒకాయన కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, సెల్ఫీ కోసం తాడు దాటి రాయి మీదికి వెళ్లాడు. కాలు జారింది. నడుముదాకా నీళ్లలో పడ్డాడు. అక్కడ కాపలా ఉన్న మనిషి పరుగెత్తుకొచ్చి, చొక్కా పట్టుకుని లాగి పడేశాడు. మోచెయ్యి గీసుకుపోయింది, ఫోన్ గుండంలో కలిసింది. అంతే. అంతటితో పోయింది.

‘‘బోర్డు కనవడ్తలేదా సార్?’’ అన్నాడు కాపలా మనిషి ఆయాసపడుతూ.

‘‘ఇంత దూరం వచ్చింది దూరం నుంచి చూసి పోవడానికా?’’ అని కుర్రాడి తండ్రి ఎదురు కస్సుమన్నాడు. కొడుకును కాపాడినవాడికి దండం పెట్టాల్సిన క్షణమది. భయం మనిషి చేత అలా మాట్లాడిస్తుంది.

ఆ గొడవలో తిన్న ప్లేట్లు, సీసాలు ఓ సంచిలో కుక్కి బండరాయి పక్కన పెట్టారు. ‘పైకి వెళ్లేటప్పుడు తీసుకెళ్దాం’ అని. వాన మొదలైంది, పరుగులు పెట్టారు. సంచి గుర్తొచ్చేసరికి కారు నేరడిగొండ చేరింది. పొచ్చెర చూసే ఓపిక ఎవరికీ మిగల్లేదు. కుర్రాడి మోచేతికి కట్టు కట్టించాలి. ‘మా కాక ఇంటికి పోదాం, ఎంతో దూరం లేదు’ అన్నాడు అతను.

ఇచ్చోడలో కాక ఇల్లు పాత పెంకుటిల్లు. పదిమంది వచ్చేసరికి చిన్నమ్మ గాబరాపడి, అంతలోనే తేరుకుని పొయ్యి రాజేసింది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు. కుర్రాడి చేతికి పసుపు అద్దారు. కాక అందరినీ పేరుపేరునా పలకరించి అన్నకొడుకు పక్కన కూర్చున్నాడు.

‘‘ఎన్ని రోజులుంటరు బిడ్డా?’’

‘‘ఉండుడెక్కడిది కాకా... తిని బయల్దేరుతం. రాత్రికి నిర్మల్ చేరాలె.’’

కాక మాట్లాడలేదు. ఆ తర్వాత అమ్మాయి మాటల్లో సంచి సంగతి బయటపడింది. ‘అదొక్కటి మర్చిపోయాం తాతా’ అంది. కాక రొట్టె తుంచడం ఆపాడు.

‘‘మర్చిపోయిన్రు సరే. అదిప్పుడు ఏడికి పోతదో ఎరికేనా? ఈ వానకు కడెం వాగుల కలుస్తది. ఆ వాగు పొయ్యి కడెం ప్రాజెక్టుల పడ్తది. గేట్లు ఎత్తితే గోదారి. గోదారిల ఇంకింత కిందికి పోతే కలమడుగు కాడ హస్తినమడుగు. మెస్రమోళ్లు నాగోబాకు జలం ముంచుకునేది గండ్లనే.’’

ఎవరూ మాట్లాడలేదు. చిన్నమ్మ ఒక్కతే ‘‘తిననియ్యి పిల్లలను’’ అని కసిరింది.

కాక చెప్పింది కథ కాదు. పటం తీసి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కుంటాల దూకిన నీళ్లు కడెం జలాశయానికి చేరి, అక్కడి నుంచి గోదావరిలో కలుస్తాయి. ఆ కలయికకు దిగువన జన్నారం మండలం. మెస్రం వంశపు గోండులు ఏటా పుష్యమాసంలో కాలినడకన వెళ్లి పవిత్ర జలం తెచ్చుకునే హస్తినమడుగు ఆ మండలంలోనే ఉంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు తట్టుకోలేనంత వరద వచ్చి, నీళ్లు కట్ట పైనుంచి పొర్లాయి. అడవి నుంచి కొట్టుకొచ్చిన దుంగలు గేట్లకు అడ్డం పడ్డాయి. దుంగలే ఆగనిచోట సీసాలు ఆగుతాయా?

వెళ్లేటప్పుడు కాక కారు దాకా వచ్చాడు. అన్నకొడుక్కి మాత్రమే వినపడేట్టు అన్నాడు. ‘‘ముప్పై ఏండ్లు బస్సుల ఎంతోమందిని దించిన. సుట్టం వస్తె ఊరికి సంబురమే. ఒక్కపూటకు అచ్చి, బువ్వ తిని, ఇస్తారి ఎత్తకుంట పోయెటోడు సుట్టమెట్లయితడు?’’

ఈ ఒక్కపూట చుట్టాల బెడద ఇచ్చోడది మాత్రమే కాదు. ఇటలీలో వెనిస్ నగరం 2024 ఏప్రిల్ నుంచి, రద్దీ ఎక్కువుండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర 5 యూరోల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. రాత్రి అక్కడే బసచేసేవాళ్లకు మినహాయింపు. తిని, పారేసి, ఫొటోలు తీసుకుని పోయేవాడికీ, ఉండి నాలుగు డబ్బులు ఖర్చుపెట్టేవాడికీ తేడా వాళ్లకు తెలిసొచ్చింది. కాక అడిగిన ‘ఎన్ని రోజులుంటరు’లో ఉన్నదీ ఆ తేడానే. కాకపోతే ఇచ్చోడలో రుసుము లేదు, రొట్టె పెట్టి మరీ అడుగుతారు.

బాసరలో దండం పెడుతున్నా, పోచంపాడు గేట్లు చూస్తున్నా అతని మనసులో ఆ సంచి కదులుతూనే ఉంది. హైదరాబాద్ చేరాక మరిచిపోయాడు కూడా. కూతురు మరిచిపోలేదు. డిసెంబరులో తనే అడిగింది. ‘‘నాన్నా, ఆ నీళ్లు తెచ్చుకునేవాళ్లను చూద్దామా?’’

2025 జనవరి 25, శనివారం సాయంత్రం. ముగ్గురూ ఆర్టీసీ బస్సెక్కారు. కారు ఎందుకు తీయలేదని భార్య అడిగితే, ‘‘కాక ఏమంటాడో’’ అని నవ్వేశాడు. ఈసారి సామాన్లలో రెండు స్టీలు సీసాలు, తువ్వాళ్లు, దుప్పట్లు. పొద్దున్నే కాక గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న. ‘‘ఎన్ని రోజులుంటరు?’’

‘‘నాలుగు రోజులు కాకా.’’

‘‘గట్లయితే సిరికొండ పోదాం, నడువుండ్రి.’’

సిరికొండ 2016 దాకా ఇచ్చోడ మండలంలోనే ఉండేది, ఆ తర్వాత విడిగా మండలమైంది. అక్కడ ఓ కుమ్మరి కుటుంబం తరతరాలుగా నాగోబా జాతరకు కుండలు చేస్తోంది. పుష్యమాసపు నెలవంక కనిపించాక కేస్లాపూర్ నుంచి మెస్రం పెద్దలు ఎడ్లబండి కట్టుకుని వాళ్లింటికి వస్తారు. ఫోన్లున్న ఈ రోజుల్లోనూ వస్తారు. పూజకు కావలసిన బానలు, వాటి మీది మూతలు, నీళ్ల కుండలు, దీపాంతలు చెప్పి వెళతారు. ఆ తర్వాత ఊరూరా తిరిగి జాతర కబురు చెప్పడం, ఆపైన హస్తినమడుగు ప్రయాణం. వీళ్లు వెళ్లేసరికి జాతర కుండలు ఎప్పుడో తరలిపోయాయి. వాకిట్లో మామూలు నీళ్ల కుండలు ఆరబెట్టి ఉన్నాయి. అమ్మాయి ఒకటి ఎంచుకుంది. అతను బేరం ఆడబోతే కాక దగ్గాడు. అడిగినంత ఇచ్చేశాడు.

హస్తినమడుగు ప్రయాణం మాత్రం చెప్పుకోదగ్గది. వందమందికి పైగా మనుషులు తెల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా, వంద కిలోమీటర్లకు పైబడిన దారి నడుస్తారు. అడవులు, గుట్టలు, వాగులు దాటాలి. రాత్రి బస ముందే అనుకున్న ఊళ్లలో. వెళ్లిన ఊరు వాళ్లకు అన్నం పెడుతుంది. జలం తెచ్చే ఝరి అని పిలిచే ఇత్తడి పాత్రకు తెల్లగుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని నేల మీద దించరు, చెట్టుకు కడతారు. ఒక పాత్రెడు నీళ్లు... అంతే వాళ్లు నదిని అడిగేది. అన్ని రోజుల నడకలో దారికి వాళ్లు వదిలేది పాదముద్రలూ, పొయ్యి బూడిదా.

‘ఎకో టూరిజం’ అని ఇంగ్లిషులో బోర్డులు రాసి, వాటి కిందనే చిప్స్ ప్యాకెట్లు అమ్మడం మనకు అలవాటైపోయింది. 2017ను ఐక్యరాజ్యసమితి సుస్థిర పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది కూడా. మంచిదే. మెస్రం వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. నదికి వెళ్లడమంటే చుట్టమింటికి వెళ్లడమని మాత్రం వాళ్లకు తెలుసు.

సోమవారం ఉదయం బస్సులో ఉట్నూరు మీదుగా జైనూరు వైపు వెళ్లారు. గుడిహత్నూర్ దగ్గర హైవే వదిలి ఆ దారిన పోతే ఇంద్రవెల్లి వస్తుంది. అక్కడి స్తూపం గురించి అమ్మాయి అడిగింది. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకుందామని వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదమూడు మంది చనిపోయారన్నది ప్రభుత్వం లెక్క. ఊళ్లలో చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. కాక చెబుతుంటే అమ్మాయి కిటికీలోంచి తల తిప్పకుండా చూసింది. ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తిన అతను, ఎందుకో, దించేశాడు.

జైనూరు మండలంలోనిదే మార్లవాయి. అక్కడ రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, మరొకటి ఆమె భర్త హైమన్‌డార్ఫ్‌ది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఆయన. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిష్ సర్కారుకు శత్రుదేశీయుడయ్యాడు, నిజాం రాజ్యం దాటకూడదన్నారు. ఆ కట్టడిలోనే ఆయన గోండుల మధ్యకు చేరాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం హతమయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మనిషి ఆయనే. వచ్చి నాలుగు ప్రశ్నలడిగి రిపోర్టు రాసి పోవచ్చు. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. నాగోబా జాతరలో అధికారులే జనం దగ్గరకొచ్చి మొరలు వినే దర్బారు కూడా ఆ దశకంలో ఆయన చొరవతో వచ్చిందే. తర్వాత లండన్‌లో ప్రొఫెసరయ్యాడు, మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాడు. 1987లో భార్య చనిపోతే ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. ఆయన 1995లో పోయాడు. అస్థికలు ఆమె పక్కకే చేరాయి.

‘‘ఈయన ఎన్ని రోజులున్నట్టు తాతా?’’ అంది అమ్మాయి.

కాక చాలాసేపు నవ్వాడు.

గుస్సాడీ కనకరాజుదీ మార్లవాయే. దీపావళి ముందు జరిగే దండారిలో నెమలీకల కిరీటాలు పెట్టుకుని ఆడే గుస్సాడీ ఆటను ఊరూరా నేర్పినవాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశాడు. ఆ దండారి కూడా ఓ ప్రయాణమే. ఒక ఊరి బృందం మరో ఊరికి విడిదికి వెళుతుంది. వచ్చినవాళ్లకు కాళ్లు కడిగి, భోజనం పెట్టి, ఆడి పాడి పంపుతారు. మరుసటి ఏడు ఆ ఊరు ఈ ఊరికి వస్తుంది. వెళ్లినవాడు మర్యాదగా లేకపోతే తమ ఊరికి వచ్చినప్పుడు తల దించుకోవాలి. ఇంతకన్నా గట్టి నియమం ఏ పర్యాటక శాఖ రాయగలదు?

పక్కనే ఉషేగావ్. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి అద్ది, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొడతారు కాబట్టి ఒకటి మరోదానిలా ఉండదు. ఆదిలాబాద్ డోక్రాగా 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. భార్య ఓ చిన్న దీపపు కుందె కొంది. నిర్మల్‌లో ‘వచ్చేటప్పుడు చూద్దాం’ అన్న మాట ఆమెకూ గుర్తున్నట్టుంది.

మంగళవారం, జనవరి 28. పుష్య అమావాస్య. కేస్లాపూర్‌కు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతోంది. ముత్నూర్ దగ్గర మలుపు తిరగ్గానే జనం, జనం. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశాల నుంచి కూడా వస్తారు. కాక స్నేహితుడు, రిటైరైన గోండు టీచర్ ఒకాయన వీళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. ‘‘రాం రాం’’ అన్నాడు. ముందే ఒక మాట చెప్పేశాడు. ‘‘మర్రిచెట్ల కాడికి వద్దాం. దూరం నుంచి చూడున్రి. కొన్ని పూజలు మా వంశపోళ్లయి, ఆడికి మీరు రావద్దు. ఫొటో కావాలంటే అడగాలె. వద్దంటే వద్దు.’’

‘‘సరే సార్’’ అన్నాడు అతను. ఆగస్టులో కాపలా మనిషికి తన స్నేహితుడిచ్చిన జవాబు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. దూరం నుంచి చూసినా చాలా కనిపించింది.

మర్రిచెట్ల కింద ఎడ్లబండ్లు బారులు తీరి ఉన్నాయి. చుట్టూ ఊళ్ల నుంచి మెస్రం కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి రోజుల తరబడి అక్కడే విడిది చేస్తాయి. సిరికొండ కుండల్లో ఆడపడుచులు, అల్లుళ్లు కోనేటి నీళ్లు తెస్తారు. వంట సంగతి అమ్మాయిని బాగా ఆకట్టుకుంది. వంశంలో శాఖలు ఇరవై రెండు. అందుకని గుడి దగ్గరి విడిదిలో పొయ్యిలూ ఇరవై రెండే. వేలమంది వచ్చినా ఇరవై మూడో పొయ్యి వెలగదు. ఒక ఇంటివాళ్లు వండుకుని దిగాక మరో ఇంటివాళ్లు. వంతు వచ్చేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ‘‘ఆకలేస్తే?’’ అంది అమ్మాయి. ‘‘పక్కోళ్లది అయితది కదా’’ అన్నాడు టీచరు.

గుడి కొత్తది. నల్లరాతి గుడి. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. మెస్రం వంశస్థులు ఇంటింటా చందాలు వేసుకుని కట్టుకున్నారు. రాత్రి పొద్దుపోయాక మహాపూజ. కుంటాల మీదుగా, కడెం మీదుగా, గోదావరి మీదుగా వచ్చి, మళ్లీ మనుషుల చేతుల్లో గుట్టలెక్కి వెనక్కొచ్చిన నీళ్లతో నాగోబాకు అభిషేకం. అంత రద్దీలో వీళ్లకు గుడి లోపల జరిగేది ఏమీ కనిపించలేదు. డోలు, కాలికోమ్ వినిపించాయి. అతను చేతులు జోడించి నిలబడ్డాడు. ఏం మొక్కుకున్నాడో భార్యకు కూడా చెప్పలేదు.

ఇదంతా చదివి కేస్లాపూర్ ఓ స్వర్గమనుకుంటే పొరపాటు. బుధవారం తెల్లారాక చూస్తే గుడికి ఇవతల, జాతర దుకాణాల వైపు, ఎక్కడ చూసినా కప్పులు, సంచులు, సీసాలు. లక్షలమంది వచ్చి పోయే చోటు. మెస్రం వాళ్ల బండ్లు ఆగిన చెట్ల కింద బూడిద, గడ్డి, విరిగిన కుండపెంకులు. ఇవతల మనం. మధ్యలో వంద గజాలు. పంచాయతీ మనుషులు తట్టలు పట్టుకుని ఊడుస్తున్నారు. అమ్మాయి చెప్పాపెట్టకుండా వంగి ఓ సీసా ఎత్తింది. తర్వాత ఇంకోటి. అతనూ వంగాడు. పావుగంటలో గోనెసంచి నిండింది. ఊడుస్తున్నావిడ వీళ్లను వింతగా చూసి, ‘‘ఏం పోయింది బిడ్డా, ఎతుకుతున్నరు?’’ అంది.

‘‘సంచి పోయింది పెద్దమ్మా, ఆగస్టుల’’ అన్నాడు అతను. ఆవిడకు అర్థం కాలేదు. కాకకు అయింది.

ఆ రాత్రి ఇచ్చోడ బస్టాండులో కాక వీళ్లను ఎక్కించడానికి వచ్చాడు. మెస్రం వాళ్లు ఇళ్లకు మళ్లేముందు ఉట్నూరు దగ్గర శ్యాంపూర్‌లో బుడుందేవ్ జాతరకు పోతారని, ఇంకో రెండు రోజులుంటే అదీ చూడొచ్చని అన్నాడు. సెలవు లేదు కాకా అంటే, ‘‘మీ బ్యాంకుల నాగోబా సెలవు పెట్టియ్యరాదురా’’ అని నవ్వాడు. చిన్నమ్మ మోదుగాకుల్లో రొట్టెలు చుట్టిచ్చింది. అమ్మాయి కుండను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు టిక్కెట్లు కొడుతూ, ‘‘దీనికి సగం టిక్కెట్టా?’’ అని కుండ మీద తట్టి చూశాడు. గట్టిగానే మోగింది.

కుండ ఇప్పుడు హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో, వంటింటి కిటికీ దగ్గర ఇసుక మీద కూర్చుని ఉంది. మొదటి రెండు రోజులు బయటికంతా చెమర్చి గచ్చు తడిపింది. నీళ్లకు మట్టి వాసన. వేసవిలో పక్కింటావిడ ఓ గ్లాసు తాగి, ఇంత చల్లగా ఉన్నాయే, ఎక్కడ కొన్నారని అడిగింది. సిరికొండ అని చెప్పారు. అటువైపే కదా జలపాతాలు, ఈ వానాకాలం మేమూ పొద్దున్నే కారులో వెళ్లొద్దామనుకుంటున్నాం, దారి చెప్పండి అందావిడ.

దారి చెబుదామని అతను నోరు తెరిచేలోగా లోపల్నుంచి అమ్మాయి అడిగింది.

‘‘ఎన్ని రోజులుంటారు ఆంటీ?’’